తొంభై ఆరు కిలోల నాలుగు వందల గ్రాములు

2024 నవంబర్ 19, మంగళవారం. ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. ఆకాశమంతా పలచని మబ్బు. ఎండ లేదు, గాలి లేదు. భవానీపురంలో నేను ఇల్లు వదిలేసరికి వరండా గోడకున్న ఉష్ణమాపకం ఇరవై ఆరు డిగ్రీలు చూపింది. గవర్నర్‌పేటలో నేను ముప్ఫై అయిదేళ్ళు పనిచేసిన ప్రెస్సు భవనం ఎదుట, రోడ్డుకు ఇవతలి వైపు, ఒక హోల్‌సేల్ మందుల దుకాణం మెట్ల మీద నేనూ మా పాత కంపోజిటరుగారూ నిలబడి ఉన్నాం. ఆటోలకు తెరిపి లేక రోడ్డు దాటడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఈ వివరాలన్నీ ఆ రోజే నోటుబుక్కులో రాసి పెట్టుకున్నాను. జ్ఞాపకం మీద నాకు నమ్మకం లేదు. అంతకాలం ప్రూఫులు దిద్దినవాడికి ఉండదు.

ఆయన ఆ ఉదయం మైలవరం నుంచి బస్సులో వచ్చారు. వయసు డెబ్భై ఎనిమిది. నాకన్నా అయిదేళ్ళు పెద్ద. చేతిలో గుడ్డ సంచి. అందులో తువ్వాలులో చుట్టిన కంపోజింగ్ స్టిక్కు, అంటే అక్షరాలను వరసగా పేర్చుకోవడానికి చేతిలో పట్టుకునే ఇనప పట్టీ, అక్షరాలు ఏరడానికి ఒక చిమటా, నాలుగు మడతలు పెట్టిన తెల్ల కాగితం ఉన్నాయి. ఆ కాగితం మీద ఆయన మనవరాలి పెళ్ళి శుభలేఖ మేటరు ఉంది. ముహూర్తం ఫిబ్రవరి 13, గురువారం. ఆ శుభలేఖను ఈ భవనంలోనే, సీసం అక్షరాలతో, తన చేత్తో కంపోజ్ చేసి ఇస్తానని ఆయన ఇంటిల్లిపాది ముందూ మాట ఇచ్చారు.

ఆ మాట ఇవ్వడానికి ధైర్యం చెప్పినవాణ్ణి నేనే. నవంబర్ 4, సోమవారం, సాయంత్రం ఆరూ పదికి ఆయన ఫోను చేశారు.

"మాస్టారూ, మన పన్నెండు పాయింటు సీసం ఇంకా ఉందాండీ?"

నేనెప్పుడూ బడిలో పాఠం చెప్పలేదు. తప్పులు దిద్దుతాను కాబట్టి ప్రెస్సులో అందరూ నన్ను మాస్టారనేవారు.

"ఉందండీ అన్నగారూ. తొంభై ఆరు కిలోల నాలుగు వందల గ్రాములు. లీజు కాగితంలో నేనే రాయించాను. పోగొట్టడానికి వీల్లేదు."

"చూశారా ఈమధ్య?"

"ఏటా జూన్‌లో తూచి కాగితం పంపుతారు. రెండేళ్ళూ గ్రాము తేడా లేదు."

"అయితే శుభలేఖ నేనే చేస్తానని ఇంట్లో చెప్పేస్తున్నా."

"చెప్పండి," అన్నాను.

ఆ "చూశారా" అనే ప్రశ్నకు నేను జవాబు చెప్పలేదని ఫోను పెట్టేసిన తరవాత కూడా నాకు తోచలేదు. అంకె చెప్పాను కదా అనుకున్నాను.

ఆ అంకె పుట్టుక గురించి చెప్పాలి. మా ప్రెస్సులో చేత్తో కంపోజ్ చేసే పని 1998 మార్చి 31న ఆగిపోయింది. ఆ తరవాత అంతా కంప్యూటరు, ఆఫ్‌సెట్టు. కంపోజిటర్లు పదకొండు మందీ ఇళ్ళకు పోయారు. అక్షరాల కేసులు పై అంతస్తులో చెక్కనేల గదిలోకి చేరాయి. కేసు అంటే గళ్ళు గళ్ళుగా ఉన్న చెక్క పళ్ళెం. ఒక్కో గడిలో ఒక్కో అక్షరం. గుణింతాలు, వత్తులు, అంకెలు, గుర్తులు కలిపి మా తెలుగు సెట్టుకు నాలుగు కేసులు పట్టేవి. అందులో గళ్ళు 412. నేను లెక్కపెట్టాను. అలాంటి సెట్లు మూడు, అంటే కేసులు పన్నెండు. ఇప్పుడు నా పక్కన నిలబడ్డ ఈయన ఆ 412 గళ్ళలో ఏది ఎక్కడుందో చూడకుండా చెయ్యి పెట్టగలిగేవారు. సాయంత్రం అయిదున్నరకు గంట కొట్టాక కూడా, వాడిన అక్షరాలన్నిటినీ తిరిగి దేని గడిలో దాన్ని వేసిగానీ లేచేవారు కాదు.

2009లో నేను రిటైరయ్యాను. 2022లో యజమానిగారి కోడలు ఆ భవనాన్ని కొందరు చిత్రకారులకు లీజుకు ఇచ్చింది. "లోపలి పాత సామానంతా జాగ్రత్తగా ఉంచుతామంటున్నారండీ. లిస్టు రాయడానికి మీకన్నా ఎవరున్నారు?" అని కబురు చేసింది. 2022 డిసెంబర్ 12, సోమవారం నేను వెళ్ళి ఆ లిస్టు రాశాను. మొత్తం నలభై మూడు ఐటములు. పదిహేడోది: సీసపు అక్షరాలు, పన్నెండు పాయింటు, 96 కిలోల 400 గ్రాములు. ప్లాట్‌ఫారం కాటా తెప్పించి, కేసుల చెక్క బరువు తీసేసి, రెండుసార్లు తూచి రాశాను.

తూచి ఎందుకు రాశానంటే, అచ్చు పనిలో సీసం అక్షరాన్ని మేమెప్పుడూ తూకంలోనే రాసుకున్నాం. అక్షరాలు అరిగిపోతే ఫౌండ్రీకి కిలోల్లెక్కన పంపేవాళ్ళం. కొత్తవి కిలోల్లెక్కనే వచ్చేవి. స్టాకు రిజిస్టరులో ఆ గడికి పైన "బరువు" అని అచ్చయి ఉండేది. ముప్ఫై అయిదేళ్ళ అలవాటు. ఎన్ని రకాలు, రకానికి ఎన్ని అని రాయాలని నాకు తోచలేదు. రాసి ఉంటే రెండు రోజుల పని ఎక్కువయ్యేది, అంతే.

రోడ్డు దాటాం. గుమ్మం పైన సిమెంటులో పోసిన 1938 అనే అంకె అలాగే ఉంది. దాని కింద పాత బోర్డు తీసేసి ఇంగ్లీషులో ఒకే ఒక మాట, అదీ పెద్దక్షరం ఒక్కటీ లేకుండా, నియాన్ గొట్టంతో రాశారు. తెలుగు లేదు. పక్క సందులోకి తిరిగే గోడ నిండా, ముప్ఫై అడుగుల పొడవున, పసుపు రంగు మీద నల్ల రంగుతో తెలుగు అక్షరాలు. కానీ అన్నీ అద్దంలో చూసినట్టు తిరగేసి ఉన్నాయి. ఆ గోడ ముందు పెళ్ళి కాబోతున్న ఒక జంట ఫొటోలు తీయించుకుంటోంది.

"బ్రో, కొంచెం లెఫ్ట్. ఆ రౌండ్ లెటర్ కిందకి రా. వదినా, మీరు పైకి చూడండి, ఆ రాత చదువుతున్నట్టు," అంటున్నాడు ఫొటోగ్రాఫరు.

సీసం అక్షరం తిరగేసే ఉంటుంది. దాన్ని చదవడం మాకు జీవితంలో సగం పని. ఇద్దరం ఒకేసారి చదివాం. అది ఒక పెద్దకర్మ కార్డు. ఫలానా తేదీన స్వర్గస్థులైనారు కనుక, ఫలానా రోజు జరుగు ఉత్తరక్రియలకు తామెల్లరూ విచ్చేసి, వారి ఆత్మకు శాంతి కలగాలని ప్రార్థించవలసినదిగా కోరుచున్నాము.

"మాస్టారూ," అన్నారాయన మెల్లగా, "అది నాదే."

"చూశాను."

"ఆఖరి రోజున చేసింది. మూడో లైనులో స్పేసు తక్కువైందని మీరు ప్రూఫులో కొట్టారు. నేను దిద్దకుండానే కట్టేశా. అందరం వెళ్ళిపోయే తొందరలో ఉన్నాం కదా."

"అదీ చూశాను."

"ఆ పిల్లలకి చెబుదామాండీ?"

"ఏమని చెబుతారు?"

ఆయన ఆ జంట వైపు చూసి, "వద్దులెండి. పాపం, అమ్మాయి చక్కగా నవ్వుతోంది," అన్నారు. మేం లోపలికి వెళ్ళాం.

లోపల మెషిన్ రూములో కుండలు తిప్పుతున్నారు. బైండింగు చేసేచోట టీషర్టుల మీద బొమ్మలు అచ్చేస్తున్నారు. ఆరడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు ఉండే నా ప్రూఫుల గదిలో నిలువెత్తు అద్దం పెట్టి, చుట్టూ బల్బులు తగిలించారు. ఫొటోలు దిగడానికట. పేర్చిన పేజీలను అచ్చుకు ఫారాలుగా బిగించడానికి వాడిన నల్లరాతి బల్ల ఇప్పుడు కాఫీ కౌంటరు. ఆ రాయి సమంగా ఉండాలి, గీత పడితే అచ్చు చెడుతుంది అని దాని మీద మంచినీళ్ళ గ్లాసు పెట్టినా యజమానిగారు ఊరుకునేవారు కాదు. దాని మీద చల్లటి కాఫీ గ్లాసులు పెట్టిన గుండ్రటి తడి మచ్చలు నేను తొమ్మిది లెక్కపెట్టాను.

ఆ స్టూడియో నడిపే ఏడుగురిలో ఒకమ్మాయి ఎదురొచ్చింది. పాత కంపోజిటరుగారిని తీసుకొస్తున్నానని మాత్రం ముందు రోజు ఫోనులో చెప్పాను. ముప్ఫై ఏళ్ళుంటాయి. చేతులకు రంగు, ముఖం నిండా ఆదరం. ఆమె మంచి పిల్ల. ఇది నేను తరవాత తగ్గించి రాయబోవడం లేదు.

"రండంకుల్! తాతగారూ, మెట్లు జాగ్రత్తండీ. ఒరిజినల్ కంపోజిటర్ మా స్టూడియోకి రావడమంటే మాకెంత హ్యాపీనో!"

"అక్షరాలెక్కడున్నాయమ్మా?" అని అడిగాను.

"పైనేనండీ. మీ లిస్టు ప్రకారం గ్రాము కూడా తగ్గలేదు. మేడమ్‌గారికి రెండుసార్లు తూచి చూపించాం."

పై గదిలో కిటికీ పక్కన ఒక దిమ్మ. దాని మీద, పైనుంచి పడే లైటు కింద, రెండడుగుల ఎత్తున సీసంతో పోతపోసిన చెయ్యి ఉంది. కంపోజిటరుగారు దాన్ని చూడలేదు. ఆయన కేసుల కోసం వెతుకుతున్నారు. కేసులు గోడకు తగిలించి ఉన్నాయి. గళ్ళలో బుల్లి బుల్లి ముళ్ళమొక్కలు, గాజుపూసలు, రంగుబ్రష్షులు.

"కేసులైతే ఇవే," అన్నారాయన. "ఇందులో ఉండాల్సినవి ఏవమ్మా?"

ఆమె ఆ సీసపు చేతి మీద ప్రేమగా చెయ్యి వేసింది. "ఇవేనండీ. మెల్ట్ చేసి పోశాం. ప్రెస్ వర్కర్స్‌కి ట్రిబ్యూట్. దీని పేరే 'కంపోజిటర్ చెయ్యి'."

నేను గడియారం చూసుకున్నాను. పదీ యాభై రెండు. ఆ అంకె తప్ప ఆ నిమిషం గురించి నేను నోటుబుక్కులో ఏమీ రాయలేదు.

ఆయన సంచి కింద పెట్టి ఆ దిమ్మ చుట్టూ ఒక్కసారి తిరిగారు. "ఎవరి చెయ్యమ్మా ఇది?"

"మా టీమ్‌లో ఒకతనిదండీ. జిమ్‌కి వెళ్తాడు. వేళ్ళు స్ట్రాంగ్‌గా ఉంటాయని స్కాన్ చేసి, పెద్దది చేసి మౌల్డ్ తీశాం."

"బాగానే ఉంది. కానీ ఇది ఎడమ చెయ్యి. ఎడమ చేత్తో మేం స్టిక్కు పట్టుకుంటాం. బొటనవేలు ఎప్పుడూ వరస చివరి అక్షరాన్ని అదిమి పెట్టి ఉండాలి. వదిలితే వరసంతా ఒరిగిపోద్ది. ఈయన వేలు చూడు, బస్సు ఆపుతున్నట్టుంది."

ఆమె నవ్వేసింది. "అయ్యో తాతగారూ, మీరు ముందే తెలిసుంటే మీ చెయ్యే పోసేవాళ్ళం కదండీ!"

"నా చెయ్యి పోస్తే తూకం తక్కువొచ్చేదమ్మా. మాస్టారు ఒప్పుకోరు," అన్నారాయన.

ఆ మాట ఆమెకు సరదాగానే వినిపించింది. నాకు వినిపించినట్టు వినిపించాలని ఆయన అన్నారో లేదో నేను చెప్పలేను.

"అక్షరాలతోనే అంత బరువూ వచ్చిందా?" అని అడిగాను. ఎందుకు అడిగానో నాకు తెలుసు. అలాంటప్పుడు నాకు వచ్చిన ప్రశ్న అదొక్కటే.

"మీకు అబద్ధం చెప్పనంకుల్. ఓపెనింగ్ రోజున వచ్చినవాళ్ళందరికీ వాళ్ళ పేరులో మొదటి అక్షరం తలా ఒకటి గిఫ్ట్ ఇచ్చాం. కరిగించినప్పుడు పైన తెట్టులా తేలింది కొంత తీసేయాల్సొచ్చింది. మొత్తం ఏడు కిలోలు తగ్గింది. మరి మీ లిస్టుంది కదా! అందుకని అవనిగడ్డ వైపు నుంచి చేపల వలలకి కట్టే సీసం గుళ్ళు తెప్పించి కలిపాం. పక్కాగా తొంభై ఆరూ నాలుగొందలు. కావాలంటే ఇప్పుడే తూద్దాం."

"వద్దు," అన్నాను.

రెండేళ్ళూ నాకు అందిన "ఐటం 17: సరిపోయింది" అనే కాగితాలు మా ఇంట్లో ఫైలులో ఉన్నాయి. వాళ్ళు ఏ షరతూ మీరలేదు. నేను రాసిన అంకెను, నేను రాసిన పద్ధతిలోనే, చివరి గ్రాము దాకా కాపాడారు.

మేం ఎందుకొచ్చామో ఆయన నిదానంగా చెప్పారు. ఆ కాగితం మడతలు విప్పి చూపించారు. ఆమె ముఖం పాలిపోయింది. దిమ్మను ఆనుకుని నిలబడింది. తరవాత ఒకదాని వెంట ఒకటి మార్గాలు చెప్పసాగింది. పాత పుస్తకాల్లోంచి ఆ అక్షరాలు స్కాన్ చేసి కంప్యూటర్లో ఫాంటు చేయిస్తానంది. ప్లాస్టిక్‌తో మిషన్ మీద అక్షరాలు తయారు చేయించవచ్చంది. చివరకు, "తాతగారూ, మా ఇంకో గోడ ఖాళీగా ఉంది. మీ మనవరాలి శుభలేఖ మొత్తం ఇరవై అడుగుల్లో పెయింట్ చేస్తాం. సిటీ మొత్తం చూస్తుంది," అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి.

"గోడని కవర్లో పెట్టి పంచలేం కదమ్మా," అన్నారాయన.

బయటి గోడ మీది కార్డు ఎక్కడిదని అప్పుడు అడిగాను. కరిగించేటప్పుడు ఒక్క దాన్ని మాత్రం పక్కన పెట్టారట. దారంతో కట్టి ఉన్న అక్షరాల పలక. అచ్చయిన తరవాత కూడా ఇంకో వంద కార్డులు కావాలని వస్తారేమోనని, విప్పకుండా దారంతో బిగించి పక్కన పెట్టడం మా పద్ధతి. పెద్దకర్మ కార్డు ఇరవై ఆరేళ్ళుగా అలా కట్టి ఉంది. దాన్ని గాజుపెట్టెలో పెట్టారు. దాన్ని చూసే గోడ మీద వేశారు.

అదేమిటో నేను ఆమెకు చెప్పాను. ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఏదో పాత లిపిలా ఉంటుందని... ప్రీవెడ్డింగ్ వాళ్ళందరూ అక్కడే..." అని ఆగిపోయింది.

కంపోజిటరుగారు మాత్రం గాజుపెట్టె వైపు చూస్తున్నారు. "దాన్ని విప్పితే కొన్ని దొరుకుతాయి మాస్టారూ."

"చావు కార్డులోంచి పెళ్ళి కార్డుకా?" అని నేనే అన్నాను.

"మొన్నటిదాకా మనం చేసిందేంటండీ? పొద్దున్న కర్మ కార్డు విప్పి మధ్యాహ్నం శుభలేఖకి వేసేవాళ్ళం. అక్షరానికి మైలేంటి?"

గాజుపెట్టె తెరవడానికి మిగతా ఆరుగురూ ఒప్పుకోవాలంది ఆ అమ్మాయి. వారం పట్టింది. ఆ వారంలో నేను శుభలేఖ మేటరు ముందు పెట్టుకుని, గుణింతం గుణింతానికీ, వత్తు వత్తుకూ పట్టిక గీసి లెక్క వేశాను. రకాలు 94. అక్షరాలు 346. 2022లో నేను చేయవలసిన పని అదే.

నవంబర్ 26, మంగళవారం, ఉదయం పదకొండు. ఎండ బాగా ఉంది. పెట్టె తెరిచారు. ఒకే ఒక్క షరతు పెట్టారు: పని అయిపోయాక దాన్ని ఎలా ఉన్నదాన్ని అలా కట్టి ఇవ్వాలి. బయటి గోడా లోపలి పలకా జంటగా చూపిస్తున్నారు. ఆదివారం నాడు ఎవరో పెద్దవాళ్ళు చూడటానికి వస్తున్నారు. ఒకవేళ అక్షరాలన్నీ సరిపోతే మాత్రం శుభలేఖ అచ్చయ్యేదాకా ఆగుతామన్నారు. "సరే," అన్నారాయన. అచ్చు లాగడానికి పాత ట్రెడిలు మిషను నడవకపోయినా ఫరవాలేదు, ప్రూఫు రోలరుతో రెండు వందలు లాగుతానని రోలరు కూడా తుడిచి పెట్టుకున్నారు.

దారం ముట్టుకోగానే తెగింది. అక్షరాలు బల్ల మీదికి ఒరిగాయి. ఆయన చిమటాతో ఒక్కొక్కటీ తీసి రకాల వారీగా పెడుతుంటే నేను పట్టికలో గుర్తు పెట్టాను. కర్మ కార్డులో ఉన్నవి 231. మా మేటరుకు పనికొచ్చేవి 112. ఆ తరవాత ఆ గది చెక్కనేల సందుల్లో పడిపోయినవేమైనా ఉంటాయేమోనని నేను మోకాళ్ళ మీద కూర్చుని స్టీలు స్కేలుతో గీకాను. కంపోజిటర్ల చేతుల్లోంచి జారిపోయినవి, అప్పట్లో వెతకడానికి తీరిక లేక వదిలేసినవి. మట్టిలో కూరుకున్నవి ఇరవై ఎనిమిది తీశాను. పనికొచ్చేవి పదిహేడు. ఆ అమ్మాయి ఫోనులో ఇదంతా వీడియో తీసింది. వద్దని చెప్పే ఓపిక నాకు లేదు.

వత్తులు దాదాపు లేవు. పేరు మొదటి అక్షరానికి వత్తు ఉన్నవాళ్ళు కూడా విడి వత్తును బహుమతిగా అడగలేదు. చిన్నగా ఉన్నాయని వాటినే ముందు కరిగించేశారు.

మేటరు కుదించి చూద్దామన్నాను. ఆహ్వాన వాక్యాలు తీసేశాం. ఇరువైపుల పెద్దల పేర్లు తీసేశాం. విందు సంగతి తీసేశాం. చివరకు పెళ్ళికూతురి పేరూ పెళ్ళికొడుకు పేరూ తేదీ మిగిలాయి. అన్నిటికన్నా పైన ఉండవలసింది మనవరాలి పేరు. అందులో మూడు అక్షరాలు. రెండు దొరికాయి. మూడోది కరగకుండా ఎక్కడైనా ఒకటి మిగిలిందా అంటే ఆ అమ్మాయికే గుర్తుకొచ్చింది.

"ఆ లెటర్... ఓపెనింగ్ రోజున మా ఫ్రెండ్ వాళ్ళ పాపకి ఇచ్చామండీ. లాకెట్ చేయించారు. అడిగి తెస్తానండీ."

"వద్దమ్మా. చిన్నపిల్ల మెళ్ళోంచి తీయకండి," అన్నారాయన.

స్టిక్కులో పెట్టిన రెండు అక్షరాలను ఎడమ బొటనవేలితో అదిమి పట్టుకుని అలాగే కూర్చున్నారు. కాసేపటికి నా వైపు తిరిగారు.

"మాస్టారూ, ఒక్క మాట అడుగుతా, ఏమీ అనుకోకండి. ఆ రోజు లిస్టు రాసేటప్పుడు కేసుల్లోకి చూశారా? కాటా ఒక్కటే చూశారా?"

"కాటా చూశాను," అన్నాను.

ఆయన తల ఊపారు. అంతే. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేదేమో.

తరవాత, ఇచ్చిన మాట ప్రకారం, పెద్దకర్మ కార్డును తిరిగి కంపోజ్ చేయడం మొదలుపెట్టారు. పన్నెండూ ముప్ఫై అయిదుకు మొదలుపెట్టి మూడూ పదిహేనుకు ముగించారు. పాత రోజుల్లో ఆయనకు అది ముప్పావు గంట పని. రెండుసార్లు వరస ఒరిగింది. రెండుసార్లు మళ్ళీ పేర్చారు. భోజనానికి లేవలేదు. దారం చుట్టి, రోలరుతో ఒక ప్రూఫు లాగి, తడి ఆరకుండానే నాకు అందించారు. నేను కళ్ళజోడు తుడుచుకుని చదివాను. తప్పు లేదు. మూడో వరసలో ఇరవై ఆరేళ్ళ క్రితం నేను గుర్తు పెట్టిన ఖాళీ ఈసారి సరిగ్గా ఉంది.

"దిద్దారే," అన్నాను.

"మీరు అప్పుడు కొట్టారు కదండీ," అన్నారాయన, స్టిక్కును తువ్వాలులో చుడుతూ.

మేం మెట్లు దిగుతుంటే ఆ అమ్మాయి పైనుంచి అడిగింది: "అంకుల్, గోడ మీద కూడా ఆ స్పేస్ మార్చాలాండీ?"

"మీ ఇష్టమమ్మా," అన్నాను. మార్చలేదు. ఇప్పటికీ అలాగే ఉంది.

బస్టాండుకు ఆటోలో వెళ్ళాం. ఆయన కాగితం మడత పెట్టి చొక్కా జేబులో వేసుకున్నారు. ఇంట్లో ఏం చెబుతారని అడగాలనుకున్నాను. అడగలేదు. ఆయన బస్సు నాలుగూ ఇరవైకి కదిలింది.

శుభలేఖ నాకు జనవరి 20, సోమవారం ఫోనులో వచ్చింది. కంప్యూటరులో చేసిందే. బంగారు రంగు అంచు, ఒక పక్క వధూవరుల ఫొటో. చదివితే రెండు తప్పులు కనిపించాయి. ఎవరికీ చెప్పలేదు.

పెళ్ళికి వెళ్ళాను. ముహూర్తానికి నలభై నిమిషాల ముందు భోజనాల పందిట్లో ఆయన కూతురు, అంటే పెళ్ళికూతురి తల్లి, నా ఆకు దగ్గరికి వచ్చి కూర వడ్డించమని పురమాయించి, పక్కనే నిలబడింది.

"మాస్టారుగారూ, మీకు శ్రమ ఇచ్చాం. నాన్న చెప్పారు. మీరు ఆ అక్షరాలన్నీ వెతికించి సిద్ధంగా పెట్టారట. ఈయనకే కళ్ళు ఆనక, చేతులు వణికి, పని సాగలేదట. ఇంట్లో అందరం నవ్వాం. ఈ వయసులో నీకెందుకీ పట్టుదల అని ఆయన బావగారు కూడా ఏడిపించారు. మీరేమీ అనుకోకండి."

పందిట్లో రెండు వరసల అవతల ఆయన కూర్చుని ఉన్నారు. నా వైపు చూడటం లేదు. నిజమేమిటో ఆమెకు చెప్పవలసింది. చెప్పలేదు. "కూర చాలమ్మా," అన్నాను.

ఇంటికి వచ్చి 2022 నాటి లిస్టు నకలు తీశాను. ఐటం 17 ఎదుట 96 కిలోల 400 గ్రాములు అనే అంకెను కొట్టేయలేదు. తూకంగా అది ఈ రోజుకూ సరైనదే. దాని కింద ఎర్ర సిరాతో తేదీ వేసి, అప్పుడు రాయవలసిన పద్ధతిలో, లెక్క రాశాను.

శుభలేఖకు కావలసిన అక్షరాలు 346. దొరికినవి 129. తక్కువైనవి 217.